ప్యాకేజీ కంటే ముందు పద్ధతి చూడండి: నాలుగు రకాల ఉద్యోగాల మధ్య ఎంపిక

పోయిన నెల మా మేనకోడలు ఫోన్ చేసింది. సాఫ్ట్‌వేర్‌లో మూడేళ్ల అనుభవం, వయసు ఇరవై ఐదు. చేతిలో ఒకేసారి నాలుగు అవకాశాలు: ఒక పెద్ద ఐటీ సర్వీస్ కంపెనీ, ఒక విదేశీ బ్యాంకు హైదరాబాద్‌లో నడుపుకుంటున్న సొంత టెక్నాలజీ సెంటర్, నలభై మంది ఉన్న స్టార్టప్, వాళ్ల నాన్న పట్టుబట్టి రాయించిన పరీక్షలో వచ్చిన ప్రభుత్వ రంగ బ్యాంకు ఆఫీసర్ పోస్టు. "అత్తా, ఏది తీసుకోమంటావు?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే నాలుగు ప్యాకేజీలూ చదివేసింది. చేతికి ఎంత వస్తుంది, పీఎఫ్‌కి ఎంత పోతుంది, వేరియబుల్ ఎంత, అన్నీ ఎక్సెల్‌లో వేసి పెట్టుకుంది.

"రెండేళ్లు పనిచేశాక ఏ చోట నువ్వు ఎలా మారతావో ఆలోచించావా?" అన్నాను.

"నేనెందుకు మారతాను అత్తా?" అంది.

ఆ మాట విన్నాక ఇది రాయాలనిపించింది. ఈ నాలుగింట్లో మూడు రకాల చోట్ల కలిపి పద్దెనిమిదేళ్లు పనిచేశాను. నాలుగోది మా ఇంట్లోనే చూస్తున్నాను, మా ఆయన ప్రభుత్వ బ్యాంకులో ఆఫీసర్. మనం మన స్వభావంతోనే ఆఫీసుకు వెళ్తాం. కానీ అక్కడ ఎవరు ఎవరికి రేటింగ్ ఇస్తారు, చెడ్డ వార్త చెప్పినవాళ్లకు ఏమవుతుంది, "సరే" అనే అధికారం ఎవరి దగ్గర ఉంది అనేవే రోజూ కొద్దికొద్దిగా మనల్ని మలుస్తాయి.

నమ్మకం కలగకపోతే ఒక ఫ్యాక్టరీ సంగతి వినండి. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కి ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. పనికి ఎగ్గొట్టడం, డ్యూటీలో తాగడం, కావాలని కార్లు పాడుచేయడం, ఇలా ఆ ఫ్యాక్టరీ పనివాళ్లకు బాగా చెడ్డపేరు. 1982లో దాన్ని మూసేశారు. 1984లో టయోటాతో కలిసి నుమ్మి అనే పేరుతో మళ్లీ తెరిచారు. ఎక్కువ మంది పాత పనివాళ్లనే తీసుకున్నారు, యూనియన్ కూడా పాతదే. పద్ధతి ఒక్కటే మారింది. పాత రోజుల్లో ఏం జరిగినా లైను ఆగకూడదు, లోపం కనిపించినా కారు ముందుకు పోవాల్సిందే. కొత్త పద్ధతిలో తల మీదుగా ఒక తాడు కట్టారు. లోపం కనిపిస్తే ఏ పనివాడైనా ఆ తాడు లాగొచ్చు. లాగితే టీమ్ లీడర్ పరిగెత్తుకొచ్చి, "ఎందుకు లాగావు?" అని గద్దించకుండా "ఏం సాయం కావాలి?" అని అడుగుతాడు. అప్పటికీ తేలకపోతే లైను ఆగుతుంది. కొన్నాళ్లకే పనికి రానివాళ్ల సంఖ్య బాగా తగ్గింది, కార్ల నాణ్యత జపాన్‌లో తయారయ్యే వాటికి దగ్గరగా వచ్చింది. సోమరులని ముద్రపడ్డవాళ్లే ఆ పని చేసి చూపించారు.

కాబట్టి మీ ముందున్న నాలుగు ఆఫర్లలోనూ ముందు అడగాల్సింది ఆ తాడు గురించే. అది ఉందా? ఉంటే, లాగినవాళ్లకు ఏమవుతుంది?

పెద్ద సర్వీస్ కంపెనీ

ఇక్కడ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం పద్ధతి అర్థమవుతుంది. మీ గంటలను క్లయింటుకు బిల్లు చేస్తారు. ప్రాజెక్టు లేకపోతే మీరు బెంచ్ మీద ఉన్నట్టు. 2025లో టీసీఎస్ ఏడాదికి కనీసం 225 రోజులు బిల్లింగ్‌లో ఉండాలని, బెంచ్ మీద 35 రోజులకు మించకూడదని నియమం పెట్టింది. ఇలాంటి నియమం ఉన్నచోట మనిషి ఏం చేస్తాడు? నచ్చని టెక్నాలజీ అయినా, రాత్రి షిఫ్టు అయినా, వచ్చిన ప్రాజెక్టుకు తలూపుతాడు. క్లయింటు అడిగిన గడువు కుదరదని తెలిసినా "చేసేద్దాం" అంటాడు. అలా అనకపోతే తన మీద వేలు చూపిస్తారన్న భయం.

దీనికి తోడు బెల్ కర్వ్. టీములో ఇంతమందికే టాప్ రేటింగ్, ఇంతమందికి కింది రేటింగ్ తప్పనిసరి అన్న లెక్క. జనరల్ ఎలక్ట్రిక్‌లో జాక్ వెల్చ్ హయాంలో 20-70-10 పేరుతో ఇది ప్రసిద్ధికెక్కింది: పైనున్న 20 శాతానికి బహుమతులు, అడుగున ఉన్న 10 శాతానికి ఉద్వాసన. మైక్రోసాఫ్ట్‌లోనూ ఇలాంటి లెక్క చాలా ఏళ్లు నడిచింది. మంచి ఇంజినీర్లు మరో మంచి ఇంజినీరుతో ఒకే టీములో ఉండడానికి జంకేవారు, ఎందుకంటే ఇద్దరిలో ఒకరికి రేటింగ్ తగ్గాల్సిందే. చివరికి 2013 నవంబరులో ఆ కంపెనీ ఆ పద్ధతిని వదిలేసింది. తర్వాత మూడు నెలలకు మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు. అంతా నాకే తెలుసు అనే ధోరణి పోయి, నేర్చుకుందాం అనే ధోరణి రావాలని ఆయన పట్టుబట్టారు. పాత రేటింగ్ లెక్క అలాగే ఉండి ఉంటే ఆ మాట ఎవరి చెవికీ ఎక్కేది కాదని నా గట్టి నమ్మకం.

ఈ లెక్క కింద స్థాయిలో ఎలా పనిచేస్తుందో నా కళ్లతో చూశాను. నా రెండో ఉద్యోగంలో, నెలాఖరున నడిచే ఒక బ్యాచ్ జాబ్‌ను (కంప్యూటర్ తనంతట తానే వరసగా చేసుకుపోయే పని) సరిచేసే స్క్రిప్టు ఒక్క సహోద్యోగి దగ్గరే ఉండేది. షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టమని ఎన్నిసార్లు అడిగినా "ఇంకొంచెం క్లీన్ చేసి పెడతా" అనేవాడు. ఒక నెలాఖరున అతని నాన్నగారికి ఒంట్లో బాగోక ఊరెళ్లాడు. రాత్రి పదకొండింటికి జాబ్ ఆగిపోయింది. నేను ఫోన్ చేస్తే ఆసుపత్రి వరండాలో నిలబడి, ఒక్కో లైనూ చదివి చెప్పాడు. వెనకాల స్ట్రెచర్ చక్రాల చప్పుడు వినిపిస్తోంది. అతను చెడ్డవాడు కాదు, ఎంతో మంచివాడు. ఆ స్క్రిప్టు అందరికీ ఇచ్చేస్తే అప్రైజల్‌లో తనకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదని భయపడ్డాడు. ఆ భయం పెట్టింది రేటింగ్ పద్ధతే. ఏడాది తిరక్కముందే నేనూ నా నోట్సు దాచుకోవడం మొదలుపెట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంకొకటి, వాటర్‌మిలన్ స్టేటస్. క్లయింటుకు పంపే రిపోర్టులో ప్రాజెక్టు పైకి పచ్చగా, లోపల ఎర్రగా ఉండడం. టీమ్ లీడ్‌కి తెలుసు, మేనేజర్‌కి అనుమానం ఉంది, పైవాళ్లకు మాత్రం పచ్చ రంగే కనిపిస్తుంది. ఎర్ర రంగు పెట్టినవాళ్లకు రోజూ సాయంత్రం ఎస్కలేషన్ కాల్ (పైవాళ్లు నిలదీసే ఫోన్ మీటింగు) ఉంటే, ఎవరు పెడతారు?

అలాగని పెద్ద కంపెనీని తీసిపారేయొద్దు. కాలేజీ నుంచి నేరుగా వచ్చేవాళ్లకు అక్కడ దొరికే శిక్షణ, పనిని వరసగా రాసిపెట్టే అలవాటు, రకరకాల క్లయింట్లతో మాట్లాడే ధైర్యం మిగతా చోట్ల అంత తేలిగ్గా దొరకవు. మా ఊరి నుంచి వచ్చినప్పుడు ఇంగ్లీషులో మూడు వాక్యాలు కలిపి మాట్లాడడానికి నాకు చెమటలు పట్టేవి. ఆ భయం పోగొట్టింది సర్వీస్ కంపెనీయే. మొదటి రెండేళ్లకు మంచి చోటు. మూడేళ్ల అనుభవం ఉండి, మళ్లీ అలాంటి చోటికే మారుతుంటే మాత్రం కంపెనీ పేరు కంటే ఏ ప్రాజెక్టు, ఏ మేనేజర్ అనేది తేల్చుకోకుండా సంతకం పెట్టొద్దు.

విదేశీ కంపెనీల సొంత సెంటర్లు

జీసీసీలు, అంటే గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు అంటున్నారే, అవే. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఎటు చూసినా ఇవే కనిపిస్తాయి. ఇక్కడ గంటల బిల్లింగ్ ఉండదు కాబట్టి బెంచ్ భయం ఉండదు. క్యాంటీన్, క్యాబ్, ఇన్సూరెన్స్ సాధారణంగా బాగుంటాయి. అసలు ప్రశ్న వేరే ఉంది: నిర్ణయం ఎక్కడ జరుగుతుంది?

ఒకే భవనంలో రెండు రకాల టీములు చూశాను. మొదటి దానిలో ప్రొడక్ట్ బాధ్యత మొత్తం హైదరాబాద్‌దే. ఏం కట్టాలి, ఏది ముందు, ఏది వెనక అనేది ఇక్కడివాళ్లే వాదించుకుని తేల్చుకునేవారు. ఆ టీములో కొత్తగా చేరిన అమ్మాయి కూడా మూడో నెలకే మీటింగులో "ఇది పనిచేయదు" అని చెప్పగలిగేది. రెండో టీముకు పని ముక్కలుముక్కలుగా న్యూయార్క్ నుంచి వచ్చేది. సాయంత్రం ఆరున్నరకు కాల్, పది దాకా. చిన్న మార్పుకైనా "వాళ్లు లేచాక అడుగుదాం" అనడమే. ఏడాది తిరిగేసరికి ఆ టీములో ఎంత తెలివైనవాళ్లైనా అడగడమే అలవాటు చేసుకున్నారు, ఆలోచించడం తగ్గించారు. జీతాలు రెండు టీములకీ దాదాపు ఒకటే.

విదేశీ బ్యాంకుల సెంటర్లలో హోదాలు చూసి కూడా పొంగిపోవద్దు. వైస్ ప్రెసిడెంట్ అని రాసి ఉన్నా కింద ఒక్క మనిషీ ఉండకపోవచ్చు. ఇంటర్వ్యూలో ఇలా అడగండి: "ఈ ఏడాది మీ టీము ఇక్కడే కూర్చుని తీసుకున్న పెద్ద నిర్ణయం ఒకటి చెప్తారా?" రెండో టీము మేనేజర్ దగ్గర దీనికి జవాబు ఉండదు. మొదటి టీము మేనేజర్ ఆపకుండా చెప్తాడు.

స్టార్టప్

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? నలభై మంది ఉన్నచోట ఫౌండర్ అలవాట్లే కంపెనీ అలవాట్లు. ఆయన రాత్రి ఒంటిగంటకు మెసేజ్ పెడితే నెల తిరక్కముందే అందరూ ఒంటిగంటకు జవాబిస్తుంటారు. ఎవరూ ఇవ్వమని చెప్పరు. ఆయన తన తప్పు నలుగురిలో ఒప్పుకుంటే, అదీ అలాగే పాకుతుంది.

"మా దగ్గర హైరార్కీ లేదు, అందరం ఒకటే" అని చాలా స్టార్టప్‌లు చెబుతాయి. నేను ఉన్నచోటా అలాగే చెప్పారు. కొన్నాళ్లకు తెలిసింది, అసలు నిర్ణయాలు సాయంత్రం ఐదింటికి కింద టీ కొట్టు దగ్గర జరుగుతాయని. ఫౌండర్‌తో కాలేజీలో చదువుకున్న నలుగురు అక్కడ ఉంటారు. పిల్లాణ్ని స్కూలు నుంచి తెచ్చుకోవడానికి ఐదింటికి బయల్దేరే నేను ఉండను. కాగితం మీద హైరార్కీ ఉంటే కనీసం ఎవరిని అడగాలో తెలుస్తుంది. లేదని చెప్పినచోట, కనిపించని హైరార్కీలో ఆడవాళ్లు, కొత్తవాళ్లు, తక్కువ మాట్లాడేవాళ్లు వెనకబడిపోతారు.

అయినా నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే. కస్టమర్ ఫోన్ నేరుగా ఎత్తాను, తిట్లు తిన్నాను, అదే రాత్రి సరిచేశాను, పొద్దున్నే థ్యాంక్స్ విన్నాను. సర్వీస్ కంపెనీలో ఐదేళ్లకు రాని సొంత నిర్ణయం తీసుకునే అలవాటు ఎనిమిది నెలల్లో వచ్చింది. ఇంట్లో బాధ్యతలు తక్కువగా ఉండి, ఆరు నెలల ఖర్చులు బ్యాంకులో ఉంటే, ఒకసారైనా వెళ్లదగ్గ చోటు.

చేరేముందు మూడు సంగతులు తేల్చుకోండి. గత ఏడాదిగా జీతాలు ఆలస్యం కాకుండా పడుతున్నాయా? పదిమందికి పైగా ఉన్నారు కాబట్టి లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ 2013 చట్టం ప్రకారం ఉండాలి, ఉందా? ఈసాప్స్ (జీతంతో పాటు కంపెనీ షేర్లు తీసుకునే హక్కు) ఇస్తామంటే ఎన్నేళ్లకు చేతికొస్తాయి? సాధారణంగా నాలుగేళ్లు, మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఏమీ రాదు. ఈసాప్స్‌ని జీతంలో కలిపి లెక్కేసుకోవద్దు.

ప్రభుత్వ రంగ బ్యాంకు

మా ఆయన ఇరవై రెండేళ్లుగా ఉన్నారు కాబట్టి ఇది దగ్గర్నుంచి తెలుసు. అక్కడ మనిషి మూడ్ మీద మీ ఉద్యోగం ఆధారపడదు. అది చాలా పెద్ద విషయం. ప్రసూతి సెలవు సంగతే చూడండి. 2017 సవరణ తర్వాత చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు ఇస్తోంది, ప్రైవేటులోనూ ఇవ్వాల్సిందే. కానీ సెలవు అడిగేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడాలా, తిరిగొచ్చాక అదే పని, అదే రేటింగ్ ఉంటాయా అనేది చట్టం కంటే ఆఫీసు పద్ధతిని బట్టి ఉంటుంది. బ్యాంకులో ఆ టెన్షన్ నేను ఎవరిలోనూ చూడలేదు.

మరోవైపు, అక్కడ ప్రతి సంతకం వెనకా ఆడిట్, విజిలెన్స్ ఉంటాయి. లోను ఇచ్చి అది మొండి బకాయి అయితే సంజాయిషీ అడుగుతారు. ఇవ్వనందుకు ఎవరూ అడగరు. దాంతో మంచి ఆఫీసర్లకు కూడా "రూల్స్ ఒప్పుకోవు, పై ఆఫీసుకు రాద్దాం" అనడమే క్షేమం అనిపిస్తుంది. మా ఆయన కొత్తలో ఒక చిన్న పిండిమర అతనికి లోను ఇప్పించాలని తానే మర దగ్గరికి వెళ్లి లెక్కలు రాసుకొచ్చారు. ఇప్పుడు అలాంటి దరఖాస్తు వస్తే ముందు ఏ కాగితం లేదో చూస్తున్నానని ఆయనే బాధపడతారు. మూడు నాలుగేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్ సరేసరి.

టార్గెట్లు కూడా ఉంటాయి, ముఖ్యంగా ఇన్సూరెన్స్ పాలసీలవి. ప్రైవేటు బ్యాంకుల్లో ఈ ఒత్తిడి ఇంకా ఎక్కువ. దీని గురించి మాట్లాడితే నాకు వెల్స్ ఫార్గో గుర్తొస్తుంది. అమెరికాలో పెద్ద బ్యాంకు. ఒక్కో కస్టమరుకు ఎనిమిది రకాల ఖాతాలు, కార్డులు అంటగట్టాలని లక్ష్యం పెట్టుకున్నారు. విలువల గురించి వాళ్లకు ప్రత్యేకంగా ఒక పుస్తకమే ఉండేది. బ్రాంచిల్లో రోజువారీ ఒత్తిడి ఎంతగా పెరిగిందంటే, ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండా వాళ్ల పేరుతో లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో విషయం బయటపడింది. 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, అప్పటికే సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. వాళ్లంతా పుట్టుకతో మోసగాళ్లా? ఒకచోట ఐదు వేల మంది ఒకేలా తప్పు చేశారంటే, టార్గెట్ పెట్టినవాళ్ల వైపు చూడాలి.

లోపల ఏం జరుగుతుందో బయటి నుంచి తెలుసుకోవడం

అవార్డులు, వెబ్‌సైటులో మాటలు చూసి నిర్ణయించొద్దు. మన హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యంకు 2008లో మంచి కార్పొరేట్ గవర్నెన్స్ (కంపెనీని సక్రమంగా నడపడం) అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న లెక్కలు తప్పుడువని ఛైర్మనే లేఖ రాశారు. ఆ రోజు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెవరూ దాన్ని మర్చిపోలేరు.

నేను నమ్మే ప్రశ్న ఒకటుంది. ఇంటర్వ్యూ చివర "మీరేమైనా అడుగుతారా?" అంటారు కదా, అప్పుడు మెల్లగా అడగండి: "ఈ మధ్య మీ టీములో ఏదైనా పెద్ద తప్పు జరిగితే, ఎలా బయటపడింది? తర్వాత ఏం మార్చారు?" జవాబులో ముందు మనిషి వస్తున్నాడా, కారణం వస్తున్నదా వినండి. "ఒకబ్బాయి అజాగ్రత్తగా చేశాడు, తీసేశాం" అంటే అక్కడ తాడు లేదు. "తప్పులే జరగవు" అంటే ఇంకా భయపడాలి. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేసినప్పుడు, బాగా పనిచేసే నర్సుల టీముల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనిపించింది. వాళ్లు ఎక్కువ తప్పులు చేశారని కాదు, చెప్పడానికి భయపడలేదు. మిగతా చోట్ల తప్పులు దాగి ఉన్నాయి.

రెండో పని, గత ఆరు నెలల్లో ఆ టీము నుంచి మానేసినవాళ్లతో పది నిమిషాలు మాట్లాడండి. ఇప్పుడు ఉన్నవాళ్లు జాగ్రత్తగా మాట్లాడతారు. మానేసినవాళ్లను "సెలవు అడిగినప్పుడు మీ మేనేజర్ మొదటి మాట ఏమనేవారు?" అని అడిగితే చాలు, మొత్తం తెలిసిపోతుంది. వీలైతే ఆఫీసు దగ్గర సాయంత్రం ఏడింటికి ఒకసారి నిలబడండి. పని అయిపోయినా మేనేజర్ లేవలేదని కూర్చునేవాళ్లు ఉన్న ఆఫీసు ఎలా ఉంటుందో గేటు దగ్గరే అర్థమవుతుంది. ఆఫర్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ కూడా చూడండి. తొంభై రోజులుంటే, చేరాక నచ్చకపోయినా బయటపడడం కష్టం.

ఎవరికి ఏది అని నన్నడిగితే: ఇల్లంతా మీ జీతం మీదే నడుస్తుంటే, ఊరు మారడానికి ఇబ్బంది లేకపోతే బ్యాంకు. అయితే మొదటి బ్రాంచిలోనే మంచి సీనియర్‌ని పట్టుకుని చేయి వదలొద్దు. ఫ్రెషర్ అయితే సర్వీస్ కంపెనీ, రెండేళ్లకు. సొంతంగా ఏదైనా పెట్టాలన్న కోరిక లోపల ఉంటే స్టార్టప్. మా మేనకోడలి లాంటివాళ్లకు, అంటే పని వచ్చి, ఇంకా లోతుగా నేర్చుకోవాల్సినవాళ్లకు, నిర్ణయాలు ఇక్కడే జరిగే జీసీసీ టీము. అలాంటి టీము దొరక్కపోతే మంచి ఫౌండర్ ఉన్న స్టార్టప్.

మా మేనకోడలు ఆ తప్పుల ప్రశ్న ముగ్గురినీ అడిగింది. సర్వీస్ కంపెనీ వాళ్లు హెచ్‌ఆర్‌ని అడగమన్నారు. స్టార్టప్ ఫౌండర్ నవ్వి, "తప్పు చేసేవాళ్లను మేం తీసుకోం" అన్నాడట. విదేశీ బ్యాంకు సెంటర్ మేనేజర్ మాత్రం పది నిమిషాలు చెప్పిందట: ఒక ఫైలు రెండుసార్లు వెళ్లిపోయింది, ముందు గుర్తించి చెప్పింది టీములో అందరికంటే చిన్న కుర్రాడు, ఆ రాత్రే అతనితోనే కొత్త చెక్ రాయించాం, ఇప్పటికీ అదే నడుస్తోంది అని. స్టార్టప్ ఇచ్చే జీతం దీనికంటే నెలకు పద్దెనిమిది వేలు ఎక్కువ. అయినా తను సెంటర్‌లోనే చేరుతోంది. వాళ్ల నాన్న ఇంకా బ్యాంకు గురించే మాట్లాడుతున్నాడు. ఆదివారం ఇంటికి రమ్మన్నాను, మా ఆయన, వాడు కూర్చుని మాట్లాడుకుంటారు.